వర్షాకాలంలో నైట్రోజన్ డయాక్సైడ్ రీడింగ్ ఎందుకు పడిపోతుంది?

గాజువాకలో మేడ మీద గదిలో పెట్టిన, గాలిలో ఈ వాయువును కొలిచే ఎనలైజర్ జులై, ఆగస్టుల్లో తక్కువ చూపిస్తోందని అడిగారు. ముందు ఏసీని అనుమానించండి. ఆ నెలల్లో వైజాగ్ గాలిలో తేమ 25 డిగ్రీల దగ్గరే నీరుగా మారగలదు. గది 20 డిగ్రీల్లో ఉంటే శాంపిల్ గొట్టం లోపలే చెమ్మ పడుతుంది, వాయువు కొంత అక్కడే పోతుంది. గదిని 27 దగ్గర ఉంచి, గొట్టానికి ఫోమ్ తొడగండి. గొట్టం టెఫ్లాన్‌దే కావాలి, రబ్బరు పనికిరాదు.

అప్పటికీ తక్కువే వస్తే కన్వర్టర్, అంటే యంత్రంలో వాయువును మార్చే భాగం, చూడాలి. ఈ యంత్రం నైట్రోజన్ డయాక్సైడ్‌ను నేరుగా కొలవదు. సుమారు 320 డిగ్రీలకు వేడెక్కిన మాలిబ్డినం అనే లోహం మీద దాన్ని నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చి, ఓజోన్‌తో కలిపి, పుట్టే వెలుగును కొలుస్తుంది. గాలిలో ముందే ఉన్న నైట్రిక్ ఆక్సైడ్‌ను విడిగా కొలిచి తీసేస్తుంది. ఓజోన్ టైట్రేషన్‌లో (తెలిసినంత నైట్రిక్ ఆక్సైడ్‌ను ఓజోన్‌తో నైట్రోజన్ డయాక్సైడ్‌గా మార్చి యంత్రానికిచ్చే పరీక్ష) మార్పిడి 96 శాతం కన్నా దిగితే మాలిబ్డినం మార్చేయండి. దీనికి ఇంకో చిక్కుంది: పొగల నుంచి ఎండలో పుట్టే నైట్రిక్ ఆమ్లాన్ని, పెరాక్సీఎసిటైల్ నైట్రేట్‌ను కూడా ఇదే లెక్కలో కలిపేస్తుంది. అందుకే ఎండ మధ్యాహ్నాల్లో, రోడ్డుకు దూరంగా, అంకె ఎక్కువ పలుకుతుంది.

యూనిట్లూ చూసుకోండి. 25 డిగ్రీల వద్ద 1 పీపీబీ (వంద కోట్ల వంతుల గాలిలో ఒక వంతు) నైట్రోజన్ డయాక్సైడ్ అంటే ఘనమీటరుకు 1.88 మైక్రోగ్రాములు. మన దేశంలో దీనికి 24 గంటల సగటు పరిమితి 80 మైక్రోగ్రాములు, అంటే దాదాపు 43 పీపీబీయే.