మూడు నిమిషాల కాల్

అమ్మలూ,

రాత్రి రెండున్నరకి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున చూశాను. "పెద్దమ్మా, నిద్ర పట్టట్లేదు, ఆయన బస్సు కర్నూలు దాటిందో లేదో" అని. ఫోన్లో రెండు ముక్కలు చెప్తే సరిపోదనిపించి, కార్తీక దీపం పెట్టి వచ్చి కూర్చుని రాస్తున్నాను. కళ్ళజోడు మార్చాల్సిన టైమొచ్చింది, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

2025 అక్టోబరు 24న తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర బెంగళూరు వెళ్ళే బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు పోయారు కదా, నీకీ అవస్థ అప్పుడు మొదలైంది. పదిహేను రోజులు తిరక్కుండానే చేవెళ్ళ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సుని గుద్ది ఇంకో 19 మంది. అల్లుడు వారం వారం మియాపూర్‌లో బస్సెక్కి ఆ కర్నూలు రోడ్డు మీదే పోతాడు. భయం వెయ్యకపోతేనే ఆశ్చర్యం. "ఊరికే టెన్షన్ పడకు" అనేవాళ్ళని పట్టించుకోకు. పడకు అంటే ఆగిపోయేది టెన్షన్ ఎందుకవుతుంది?

కానీ భయం వేరు, దానికి రోజంతా మేత వెయ్యడం వేరు. మొన్న ఆదివారం మా ఇంటికొచ్చినప్పుడు చూశాను. కుడిచేత్తో అన్నం కలుపుతూ ఎడమచేత్తో ఫోన్ జరుపుతున్నావు. ఆ కాలిన బస్సు వీడియో మూడుసార్లు నా చెవిన పడింది, అదే గొంతు, అదే మ్యూజిక్. దోసకాయ పప్పు నీకిష్టమని చేశాను. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నావు.

నేను టెలిఫోన్స్‌లో చేరిన కొత్తలో, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. నాకు ఇరవై రెండేళ్ళు, ట్రంక్ ఆపరేటర్ని. అప్పట్లో వేరే ఊరితో మాట్లాడాలంటే కాల్ బుక్ చేసుకుని గంటలు గంటలు కూర్చోవాలి. అర్జెంట్ అయితే రెట్టింపు చార్జి, లైట్నింగ్ అయితే ఎనిమిది రెట్లు. మూడు నిమిషాలు కాగానే మేం మధ్యలో దూరి "మూడు నిమిషాలైంది, పొడిగించమంటారా?" అని అడిగేవాళ్ళం. మీ పెదనాన్న పెళ్ళయ్యాక కూడా ఆ మాటతో నన్ను వెక్కిరించేవారు.

ఉప్పెన తర్వాత హైదరాబాద్‌లో ఉన్న ఆ వైపు వాళ్ళందరూ అడిగేది ఒక్కటే, అవనిగడ్డ. లైన్లు పడిపోయాయి. ఒకాయన అరగంటకోసారి ఫోన్ చేసి "అమ్మా, కలిసిందా?" అనేవాడు. కోపం లేదు, అరుపు లేదు. అరిచినా బావుండేది. ఆయన కోసం నేను ఆ ఒక్క లైన్లోనే ప్లగ్గు గుచ్చడం, తియ్యడం, మళ్ళీ గుచ్చడం. పక్కన బెజవాడ కాల్ వచ్చిందని బోర్డు మీద దీపం వెలుగుతూనే ఉంది, నా కళ్ళకి ఆనట్లేదు. మా సూపర్‌వైజర్ వెనకనించి వచ్చి నా తలమీద హెడ్‌సెట్ తీసేసింది. "చచ్చిన లైన్ని ఎన్నిసార్లు గుచ్చితే పలుకుతుందే? ఆ దీపం వెనకాల కూడా మనుషులున్నారు" అంది. టీ గ్లాసు చేతిలో పెట్టి పది నిమిషాలు మెట్ల మీద కూర్చుని రమ్మంది. తాగుతూ ఏడ్చాను, మొహం కడుక్కుని వెళ్ళి బెజవాడ తీశాను. పదివేల మంది దాకా పోయారని తర్వాత తెలిసింది. ఆ పెద్దాయన ఇంట్లోవాళ్ళు ఉన్నారో పోయారో నాకు ఇప్పటికీ తెలియదు.

నువ్వు రాత్రి రెండున్నరకి ఫోన్లో గుచ్చుతున్నది అవనిగడ్డ లైన్నే.

అందుకని ఒక పద్ధతి పెట్టుకో. వార్తలు మానెయ్యమనను. లోకం సంగతి తెలియకుండా బతకమని చెప్పడానికి నేనెవర్ని, మీ పెదనాన్న పోయినా పేపర్ మానలేదు నేను. పొద్దున టిఫినయ్యాక ఒకసారి, సాయంత్రం దీపం పెట్టేలోపు ఒకసారి, అంతే. చదువు, చూడకు. అక్షరం ఒకసారి చదివితే అయిపోతుంది, వీడియో కళ్ళల్లో ఉండిపోతుంది. 2013లో అమెరికాలో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాక అక్కడివాళ్ళు ఒక అధ్యయనం చేశారు. తర్వాతి వారమంతా రోజుకి ఆరు గంటలో ఇంకా ఎక్కువో ఆ వార్తలే చూసినవాళ్ళు, పేలుడు దగ్గర ఉన్నవాళ్ళకన్నా ఎక్కువ ఒత్తిడికి గురయ్యారట. చదివినప్పుడు నువ్వే గుర్తొచ్చావు. మన ఫ్యామిలీ గ్రూపు కూడా మ్యూట్ చేసి పారెయ్యి. మీ బాబాయి ఫార్వర్డ్‌లు చూడకపోతే ఎవరూ చచ్చిపోరు, ఆయన ఏమైనా అనుకుంటే నా పేరు చెప్పు.

భయంలో పనికొచ్చే భాగం కొంచెం ఉంటుంది, దాన్ని పగలు వాడుకో. అల్లుడితో కూర్చుని మాట్లాడు. ఎక్కగానే ఎమర్జెన్సీ డోర్ ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూసుకోమను. చెప్పులు కాళ్ళ దగ్గరే పెట్టుకోమను. రైల్లో బెర్తు దొరికిన వారం రైల్లో పొమ్మను. బస్సెక్కాక ఒక మెసేజ్, దిగాక ఒకటి. మధ్యలో నువ్వు చెయ్యకూడదు, అతను చెయ్యక్కర్లేదు. రాత్రి మూడింటికి నువ్వు ఫోన్ చేస్తే డ్రైవర్ జాగ్రత్తపడడు, నిద్రపోతున్న అల్లుడు లేస్తాడంతే.

ఇంత చెప్తున్న దాన్ని నేనేం చేశానో కూడా విను. 2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం. లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలి 42 మంది పోయారు. మీ అన్నయ్య ఆ సాయంత్రం పుస్తకాలకని కోఠి వెళ్ళాడు. గంటన్నర ఫోన్ కలవలేదు. టెలిఫోన్స్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన దాన్ని, నా కొడుక్కి లైన్ దొరకలేదు. వాడు నారాయణగూడ మీదుగా నడుచుకుంటూ ఇంటికొచ్చాడు, చేతిలో పుస్తకాల కవరుతో సహా. వచ్చాడు కదా, అయిపోవాలి కదా? మూడు నెలలు వాణ్ణి కోఠి వెళ్ళనివ్వలేదు. వాడు వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడేదాన్ని. నేనూ ఆ వైపు వెళ్ళే బస్సే ఎక్కలేదు. ఎంత దూరం ఉంటే భయం అంత పెరిగింది.

చివరికి మీ పెదనాన్న ఒకరోజు ఆటో ఎక్కించారు. మొదటిసారి కోఠి దాకా వెళ్ళి దిగకుండానే వెనక్కి వచ్చాం. ఆటో అతను మమ్మల్ని పిచ్చివాళ్ళని చూసినట్టు చూశాడు. రెండోవారం దిగి, ఒక జాకెట్టు ముక్క కొన్నాను, ఆ రంగు నాకసలు నచ్చదు. చెమటలు పట్టాయి, గుండె కొట్టుకుంది, కాసేపటికి అదే తగ్గింది. నాలుగోసారి వెళ్ళినప్పుడు బేరం ఆడాను. బేరం ఆడుతున్నానని ఇంటికొచ్చాకగాని గమనించలేదు. నువ్వూ ఒకసారి పగటి బస్సులో బుజ్జిగాడితో కర్నూలు దాకా వెళ్ళిరా. కావాలంటే నేనొస్తాను, కొండారెడ్డి బురుజు చూసి చాలా ఏళ్ళయింది.

బుజ్జిగాడి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. వాడు సోఫా కింద బొమ్మ బస్సుని పెట్టి "కాలిపోయింది" అని ఆడుతున్నాడని కంగారు పడ్డావు. ఆడనివ్వు, తిట్టకు. ఆ వయసు పిల్లలకి టీవీలో పదిసార్లు వేస్తే పది బస్సులు కాలినట్టే. టీవీ కట్టెయ్యి. "నాన్న బస్సు కాలిపోతుందా?" అని అడిగితే, ఎప్పటికీ కాలదని ఒట్టు వెయ్యకు. "బస్సులు రోజూ బోలెడు వెళ్తాయి, వస్తాయి, నాన్న జాగ్రత్తగా ఉంటాడు" అని చెప్పు. అడిగినంతకే జవాబు.

మీ పక్క ఫ్లాట్ ఆవిడ తమ్ముడు యాక్సిడెంట్‌లో పోయాడు, పలకరింపుకి వెళ్ళాలంటే భయమేస్తోందన్నావు. వెళ్ళు. కానీ మనవాళ్ళకో దురలవాటు ఉంది. వెళ్ళి కూర్చోగానే "ఎలా జరిగిందమ్మా?" అంటారు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఆవిడ మొదట్నుంచీ చెప్పుకురావాలి. నువ్వు అడక్కు. చెప్తే విను. చారన్నం క్యారియర్ పట్టుకెళ్ళు, గిన్నెలు కనిపిస్తే కడుగు, ఆవిడ పిల్లల్ని సాయంత్రం మీ ఇంటికి తెచ్చుకో. తిరిగొచ్చాక నీకూ ఒక రాత్రి బరువుగానే ఉంటుంది, ఉండనీ.

ఇవన్నీ చేసినా రెండు మూడు వారాలకి కూడా నిద్ర రాకపోతే, ఇంటి పని సాగకపోతే, 14416కి ఫోన్ చెయ్యి. ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్, డబ్బులక్కర్లేదు, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి పేరెత్తి నవ్వుకునే ఊరు మనది, నేనూ నవ్వినదాన్నే. 2007లో ఇలాంటి నంబరు ఉండి ఉంటే ఆటోకి అన్నిసార్లు పోసేదాన్ని కాదు.

అల్లుడు ఆదివారం రాత్రి బయల్దేరతాడన్నావు. ఆ సాయంత్రం నేను వస్తాను, పప్పు కూడా పట్టుకొస్తా. ఎక్కానని మెసేజ్ రాగానే నీ ఫోను వంటింట్లో చార్జింగ్‌కి పెట్టేద్దాం. బుజ్జిగాడు మన మధ్యలో పడుకుంటాడు. పొద్దున ఆరింటికి నేనే లేచి చూసి నీకు చెప్తాను.

నీ
పెద్దమ్మ