ఫైబర్ నుంచి చిప్‌లోకి కాంతి: ఈ ప్రాజెక్టు మా అమ్మాయికి అన్నం పెడుతుందా?

తిరుపతిలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్న కుమార్తె, ఆప్టికల్ ఫైబర్‌కూ, కాంతితో సమాచారాన్ని నడిపించే సిలికాన్ ఫోటోనిక్ చిప్‌కూ మధ్య కాంతి నష్టాన్ని తగ్గించే అంశాన్ని ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా ఎంచుకుందని, దానిని మాన్పించి బెంగళూరులో ఆరు నెలల ఏఐ కోర్సులో చేర్పిస్తే మేలు కదా అని చిత్తూరు నుంచి ఒక తండ్రి రాశారు. రెండింటినీ పోల్చి చెప్పమని అడిగారు.

అయ్యా, బంధువులెవరూ పేరు వినని అంశాన్ని పట్టుకుని అమ్మాయి ఉద్యోగం లేకుండా మిగిలిపోతుందేమోనన్నదే మీ అసలు భయం. అది సహజమే. కానీ ఆ పనిని మీరు ‘వైర్లు అతికించడం’ అని రాయడం నాకు నచ్చలేదు. ఫైబర్‌లో కాంతి సుమారు 10 మైక్రోమీటర్ల వ్యాసంలో ప్రయాణిస్తుంది. చిప్ మీద దానిని మోసే సిలికాన్ దారి వెడల్పు దాదాపు 500 నానోమీటర్లు, ఎత్తు 220 నానోమీటర్లు. విస్తీర్ణంలో తేడా ఏడు వందల రెట్లకు పైనే. చిప్‌లోకి వెళ్లేటప్పుడు 3 డెసిబెల్‌లు (అంటే సగం కాంతి), బయటికి వచ్చేటప్పుడు మరో 3 డెసిబెల్‌లు పోతే, చివరికి మిగిలేది పావు వంతు కాంతి మాత్రమే.

దీనికి కనిపెట్టిన ఉపాయాలలో ఒకటి చిత్రమైనది. చిప్ అంచు దగ్గర సిలికాన్ దారిని ఇంకా సన్నగా చెక్కుతారు. అప్పుడు కాంతి అందులో ఇమడలేక చుట్టూ ఉన్న గాజులాంటి ఆక్సైడ్ పొరలోకి విస్తరించి, ఫైబర్‌లోని కాంతి పరిమాణానికి దగ్గరవుతుంది. మరో మార్గమైన గ్రేటింగ్ కప్లర్ పై నుంచి కాంతిని తీసుకుంటుంది కనుక చిప్‌లన్నీ కలిసి ఉండే సిలికాన్ పలకను (వేఫర్‌ను) ముక్కలు చేయకముందే పరీక్షించవచ్చు. అయితే అది కొద్దిపాటి తరంగదైర్ఘ్యాల పరిధిలోనే బాగా పనిచేస్తుంది. ఇవన్నీ కుదిరాక కూడా, ఫైబర్‌ను చిప్‌కు అతికించే జిగురు గట్టిపడేటప్పుడు కుంచించుకుని ఫైబర్‌ను మైక్రోమీటరులో కొంత భాగం పక్కకు లాగినా నష్టం పెరుగుతుంది.

ఏఐ కోర్సు విషయంలో నా అనుమానాలు దాచను. గణితం, ప్రోగ్రామింగ్ గట్టిగా ఉన్నవారికి ఆ రంగంలో చోటుంది. కానీ ఆరు నెలల్లో పరికరాల వాడకం నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెట్టే చోట్ల, మీ అమ్మాయి ఈసీఈలో నేర్చుకున్నది ఏదీ అక్కరకు రాదు. పక్కింటి అబ్బాయి చేరాడని మీరు రాశారు, అది చేరడానికి కారణం కాదు. పైగా అమ్మాయికి తెలియకుండా అడ్వాన్సు కట్టానని రాశారు. దయచేసి ఇంకేమీ కట్టకండి, ముందు ఆమెతో కూర్చుని మాట్లాడండి.

ఫోటోనిక్స్‌కు కూడా నేను జేజేలు పలకను. 2025 మార్చిలో చిప్‌ల కంపెనీ ఎన్విడియా, డేటా సెంటర్లలో కంప్యూటర్లను కలిపే సిలికాన్ ఫోటోనిక్స్ స్విచ్‌లను ప్రకటించినప్పటి నుంచి దీని మీదా హడావుడి పెరిగింది. మన దేశంలో మాత్రం బీటెక్‌తోనే దొరికే ఉద్యోగాలు తక్కువ, ఎంటెక్ లేదా పీహెచ్‌డీ దాకా వెళ్లే ఓపిక కావాలి. అయినా ఒక ప్రాజెక్టు వల్ల ఏ తలుపూ మూసుకుపోదు. కాంతి నడకను లెక్కగట్టే మీప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, పైథాన్‌లో ఆమె రాసే సిమ్యులేషన్లు సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలోనూ చెప్పుకోదగినవే. ఈ రంగంలో పరిశోధన చేసే ఐఐటీ మద్రాసు, బెంగళూరు ఐఐఎస్‌సీ రెండూ మనకు దూరం కాదు. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష సంగతి ఆమెకు తెలిసే ఉంటుంది.

గైడ్‌ను ఆమె ఇప్పుడే అడగవలసింది ఒకటుంది: ప్రాజెక్టు సిమ్యులేషన్‌తోనే ఆగుతుందా, లేక నిజమైన చిప్‌కు ఫైబర్‌ను సరిచూసి కొలతలు తీసే అవకాశం ఉంటుందా? సిమ్యులేషన్ వరకే అయితే, వేసవి ఇంటర్న్‌షిప్ కోసం ఆ రెండు సంస్థల అధ్యాపకులకు ఇప్పటి నుంచే రాయమనండి.