ఓడ ముందు కొసన గది: ఆయన కోరిక, మీ భయం

ప్రశ్న: మా పెళ్లయి వచ్చే ఏడాదికి ముప్ఫయ్యేళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా మావారు విహార నౌకలో అట్లాంటిక్ దాటే ప్రయాణం ఖాయం చేసి, ఓడ ముందు కొసన పై అంతస్తులో ఉండే ఖరీదైన సూట్‌ను నాతో మాట మాత్రమైనా అనకుండా ఎంచుకుని, అడ్వాన్సు కూడా కట్టేశారు. పన్నెండు రాత్రుల ప్రయాణంలో ఆరు రోజులు ఏ రేవూ తగలదు. నాకేమో ఓడ కుదుపు పడదు. ఏడేళ్ల కిందట ఒక చిన్న ఓడ ప్రయాణంలో రెండు రోజులు వాంతులతో మంచం దిగలేదు. తిన్నది సరిపడలేదని ఆయనకు అబద్ధం చెప్పాను. ఇప్పుడు నిజం చెబితే ఆయన సంబరాన్ని చెడగొట్టినదాన్నవుతాను, చెప్పకపోతే ఆరు రోజులు ఎలా గడుస్తాయో తెలియడం లేదు. పోనీ, ఆ గదిలో నిజంగానే కుదుపు ఎక్కువగా ఉంటుందా?

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందుగా సమాధానం చెబుతాను, ఎందుకంటే మీవారితో మాట్లాడడానికి మీకు కావలసిన బలం అందులోనే ఉంది. అవును, ఎక్కువగానే ఉంటుంది. ఎదురుగా వచ్చే అలల మీద ఓడ ముందుకూ వెనక్కూ ఊగుతున్నప్పుడు మధ్యభాగం దాదాపు నిలకడగా ఉంటుంది, రెండు కొసలు మాత్రం పైకి లేచి కిందికి దిగుతాయి. మూడు వందల మీటర్ల పొడవున్న ఓడ కేవలం రెండు డిగ్రీలు వంగినా, దాని ముందు కొస సుమారు అయిదు మీటర్లు పైకి లేస్తుంది, మళ్లీ అంత కిందికీ దిగుతుంది. పెద్ద ఓడలకు ఊగుడు తగ్గించే రెక్కలుంటాయని టికెట్లు అమ్మేవారు మీవారికి చెప్పే ఉంటారు. అది నిజమే, కానీ ఆ రెక్కలు ఓడ పక్కలకు ఒరగడాన్ని తగ్గిస్తాయే తప్ప ముందుకూ వెనక్కూ ఊగడాన్ని అంతగా ఆపలేవు. మీకు పడనిది బహుశా ఈ రెండోదే.

మీవారి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. లోపలి చెవి శరీరం కదులుతోందని చెబుతుంటే, కళ్లు మాత్రం గది గోడలను చూసి కదలడం లేదని చెప్పడం వల్ల వికారం పుడుతుంది. దూరాన సముద్రమూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ కూర్చుంటే చాలామందికి ఉపశమనం కలుగుతుంది కనుక, పెద్ద కిటికీ ఉన్న గది పగటిపూట మీకు మేలు చేయవచ్చు. అయితే ఇలాంటి సూట్లు ఎక్కువగా ఓడను నడిపే బ్రిడ్జికి పైనో కిందనో ఉంటాయి. గదుల్లోని వెలుగు ముందుకు పడితే బ్రిడ్జిలోని అధికారులకు చీకట్లో సముద్రం సరిగా కనిపించదు కాబట్టి, పొద్దుగూకగానే పరదాలు మూసేయమని సిబ్బంది కోరతారు. అంటే ఆ గది మీకు సాయపడగలిగేది పగలే, అలలు ఎక్కువగా ఉన్న రాత్రి మీరు నాలుగు గోడల మధ్యే ఉంటారు.

బాల్కనీ సంగతి ఆయనే ఆలోచించాలి, ఎందుకంటే ఆయన ఊహలో ఉన్న దృశ్యం బహుశా అక్కడే ఉంది: చేతిలో కప్పుతో నిలబడి, కెప్టెన్ చూసే సముద్రాన్ని తానూ చూడడం. ఓడ ఇరవై నాట్ల వేగంతో, అంటే గంటకు ముప్ఫయి ఏడు కిలోమీటర్ల వేగంతో పోతుంటే, బయట గాలి అసలు లేకపోయినా ముందు వైపున నిలబడినవారికి అంత వేగపు గాలి తగులుతుంది. అంతే వేగంతో ఎదురుగాలి వీస్తే అది రెట్టింపవుతుంది. అలాంటప్పుడు కొన్ని ఓడల్లో ఆ బాల్కనీ తలుపులకు తాళం వేస్తారు. కొన్నింటిలో రెయిలింగ్ గాజుది కాక ఉక్కుగోడలా ఉంటుంది కాబట్టి కుర్చీలో కూర్చుంటే కనిపించేది ఆ ఉక్కే. 2018లో వచ్చిన సెలెబ్రిటీ ఎడ్జ్ ఓడలో బ్రిడ్జికి పైనే ఉన్న ఐకానిక్ సూట్ వంటి గదుల ఫొటోలు ఎవరికైనా ఆశ పుట్టిస్తాయి, నాకూ పుట్టించాయి. కానీ ఆ ఫొటోల్లో గాలి కనిపించదు. పొగమంచు కమ్మితే ఓడ రెండు నిమిషాలకు మించని వ్యవధితో హారన్ మోగిస్తూ సాగాలని 1972 నాటి అంతర్జాతీయ నిబంధన. అట్లాంటిక్‌లో కెనడా తీరాన ఉన్న న్యూఫౌండ్‌లాండ్ వైపు పొగమంచు మామూలే, ముందు వైపు గదుల్లో ఆ మోత బాగా వినిపిస్తుంది.

ఇక మీ ఇద్దరి సంగతి. ఆయన అడగకుండా ఎంచుకోవడం తప్పే. ముప్ఫయ్యేళ్ల కాపురంలో కానుక ఇచ్చేటప్పుడు అడగకపోవడమే ప్రేమ అనుకునే మగవారిని చాలామందిని చూశాను, వారి మీద నాకు కోపం రాదు. కానీ ఆయన దగ్గర మీ అనారోగ్యం గురించిన సమాచారమే లేదు. ఏడేళ్ల కిందట మీరు చెప్పిన అబద్ధం ఆధారంగానే ఆయన ఈ గదిని ఎంచుకున్నారు. కనుక సంభాషణ గది దగ్గర మొదలుపెట్టకండి. అలా మొదలుపెడితే ఆయన గదిని సమర్థిస్తారు, మీరు తప్పులెంచుతారు, సాయంత్రానికి అది పాత లెక్కలన్నింటి దాకా పోతుంది. “ఆ ప్రయాణంలో నాకు తిండి పడకపోవడం కాదు, ఓడ పడలేదు, మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు” అని ముందు చెప్పండి. ఆయన కాసేపు మౌనంగా ఉంటే ఉండనివ్వండి.

ఆ తరువాత ఓడ డెక్కుల పటాన్ని ఇద్దరూ ముందు పెట్టుకుని కూర్చోండి. ఈ ప్రయాణానికి ఓడ మధ్యభాగంలో, వీలైనంత కింది అంతస్తులో ఉన్న సూట్‌కు మార్చుకోమని నా సలహా. చాలా ఓడల్లో పై అంతస్తున ముందు వైపు అందరూ కూర్చునే అద్దాల హాలు ఉంటుంది. ఆయన తెల్లవారగానే అక్కడికి వెళ్లి తనివితీరా చూడవచ్చు, మీ ఒంట్లో బాగుంటే మీరూ వెళ్లవచ్చు. ముందు కొస సూట్ మీద ఆయనకు అంత మోజు ఉంటే, దాన్ని అలాస్కాలో దీవుల చాటున సాగే ఇన్‌సైడ్ పాసేజ్‌కో, నార్వేలోని గెయిరాంగర్ వంటి ఫ్యోర్డులకో (కొండల మధ్యకు చొచ్చుకువచ్చే సన్నని సముద్రపు పాయలు) దాచుకోమనండి. ఆ నీళ్లు చాలావరకు నెమ్మదిగా ఉంటాయి, పైగా అక్కడ మలుపు మలుపుకూ ఎదురుగా కొత్త కొండ కనిపిస్తుంది. నడి సముద్రంలో ఆరు రోజులు ముందుకు చూసినా పక్కకు చూసినా కనిపించేది ఒకే నీరు.

ఆయన ఒప్పుకోకపోతే? గది మార్చడం ఇష్టం లేదని ఆయన సూటిగా అంటే, మీరు రానని బెదిరించకండి, మౌనంగా సామాను సర్దుకోవడమూ వద్దు. ఆయన అంతగా కోరుకునేది ఆ దృశ్యమా, ఆ హోదానా, ఇన్నేళ్లుగా అనుకుంటున్న ఏదో ఒక మాట నెరవేరడమా అని అడగండి. జవాబును బట్టి దారి దొరుకుతుంది. మిగతా సొమ్ము కట్టవలసిన గడువు లోపల గది మార్చుకోవడం సాధారణంగా తేలిక, ఆ తరువాత రద్దు రుసుములు పెరుగుతూ పోతాయి కాబట్టి ఈ మాట వచ్చే నెలకు వాయిదా వేయకండి.

ఏ గది ఖాయమైనా వైద్యుణ్ణి మాత్రం బయలుదేరక ముందే కలవండి. వికారం రాకుండా చెవి వెనుక అంటించే స్కోపొలమైన్ మందు పట్టీని ఓడ ఎక్కడానికి కనీసం నాలుగు గంటల ముందు పెట్టుకోవాలి, అది మూడు రోజుల దాకా పనిచేస్తుంది. కొన్ని రకాల గ్లాకోమా అనే కంటి జబ్బు ఉన్నవారికి అది పనికిరాదు కనుక, మీ కంటి పరీక్షల కాగితాలు ఉంటే వెంట తీసుకువెళ్లండి. వీలైతే ఆ రోజు మీవారిని కూడా రమ్మనండి.