యాంటీవైరస్ ఉండగా ఆఫీసుకి విడిగా ఫైర్‌వాల్ ఎందుకు?

ముప్పై కంప్యూటర్ల ఆఫీసు, అన్నిట్లో యాంటీవైరస్ ఉంది, ఇంటర్నెట్ వాళ్లు ఇచ్చిన రూటర్‌లోనే ఫైర్‌వాల్ ఉందంటున్నారు, మళ్లీ డబ్బు పోసి ఇంకోటి కొనాలా అని అడిగారు. కొనాలనే అంటాను. కాకపోతే కొని రాక్‌లో బిగించి వదిలేస్తే దానివల్ల ఒరిగేది చాలా తక్కువ, అసలు ఆ మాట చెప్పాలనే ఇంత రాస్తున్నాను.

ఆఫీసుల నెట్‌వర్కులు చూసుకోవడమే నా ఉద్యోగం. ఫైర్‌వాల్ అనగానే అందరూ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిదని చెప్పేస్తారు. సరే, అలాగే అనుకుందాం. లోపలికి వచ్చేవాణ్ని నిలబెట్టి సవాలక్ష ప్రశ్నలడిగి, బయటికి మూట మోసుకుపోయేవాణ్ని కనీసం తలెత్తి కూడా చూడని వాచ్‌మన్‌ని ఎవరూ పెట్టుకోరు కదా. నేను చూసిన ఆఫీసుల్లో చాలావాటి ఫైర్‌వాల్ మాత్రం అచ్చం ఇలాగే ఉంటుంది. బయటినుంచి లోపలికి అంతా బంద్, లోపలినుంచి బయటికి ఏదైనా ఎక్కడికైనా ఓకే. మీ రూటర్ చేసేదీ అదే. లోపలి కంప్యూటర్ ఏదైనా తనంతట తాను బయటికి కనెక్షన్ మొదలుపెడితే, దానికొచ్చే జవాబుని మారు మాట్లాడకుండా రానిస్తుంది. ఇప్పటి దాడులు ఎక్కువగా వాడుకునేది దీన్నే. ఎవరో ఒకరు మెయిల్‌లో వచ్చిన ఫైల్ తెరుస్తారు, అందులోని ప్రోగ్రామ్ లోపల కూర్చుని తనే బయటికి ఫోన్ చేస్తుంది. రూటర్ లెక్కలో అది మన ఉద్యోగి వెబ్‌సైట్ చూస్తున్నట్టే.

ఒక కంపెనీలో నేను కళ్లారా చూసింది చెబుతాను. అక్కడ అకౌంట్స్ వాళ్లకి ఒక వీలాన్ (అదే ఆఫీసు నెట్‌వర్క్‌లో విడిగా గీసిన చిన్న నెట్‌వర్క్), సర్వర్లకి ఒకటి, గెస్ట్ వైఫైకి ఇంకొకటి విడగొట్టి, ఒకదాన్నుంచి ఇంకొకదానికి వెళ్లే ప్రతిదీ ఫైర్‌వాల్ గుండానే పోయేలా పెట్టాం. బయటికి వెళ్లేవాటికి కూడా ఫలానా పోర్టులు (ఒక్కో రకం పనికి ఒక్కో నంబరున్న తలుపు అనుకోండి) మాత్రమే, మిగతాదంతా డినై, అంటే కుదరదు. పొద్దున రాగానే ముందురోజు నుంచి రాసిన డినై లాగ్, అంటే ఫైర్‌వాల్ ఆపినవాటి చిట్టా, తిరగేయడం నాకు అలవాటు. ఆ రోజు అందులో అకౌంట్స్‌లోని ఒకే ఒక్క మిషన్ పేరుమీద లైన్లే లైన్లు. రాత్రి రెండు గంటలప్పుడు, ఎప్పుడూ చూడని ఒక బయటి అడ్రస్‌కి, మేం తెరవని పోర్ట్‌కి, నిమిషానికోసారి. 2:14:07, 2:15:07, 2:16:07, అలా సెకను కూడా అటూ ఇటూ కాకుండా. మనిషి చేసే పని అలా ఉండదు, పైగా ఆ టైముకి ఆఫీసులో ఎవరూ లేరు. కాస్త కిందికి వెళ్తే అదే మిషన్ సర్వర్ల వైపు తిరిగింది. చివర 10 ఉన్న ఐపీకి (నెట్‌వర్క్‌లో కంప్యూటర్ అడ్రస్) పోర్ట్ 445, డినై. 11కి 445, డినై. 12కి, 13కి, వరసబెట్టి ఇంటింటి తలుపు తట్టుకుంటూ పోయింది. ఫైల్ షేరింగ్‌కి వాడే పోర్ట్ అది, ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకడానికి ఇలాంటివాటికి అదంటే ప్రాణం.

వెంటనే వెళ్లి ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకేశాను. ఆ సీట్లో కూర్చునే ఆవిడని అడిగితే, సాయంత్రం బిల్లు అని వచ్చిన మెయిల్ తెరిచానండి, ఏమీ కనబడకపోతే మూసేశాను అన్నారు. ఆవిడ తప్పేం లేదు, రోజంతా ఆవిడ చేసే పనే బిల్లులు తెరవడం. మీరు నమ్ముకున్న యాంటీవైరస్ ఆ మిషన్‌లోనూ ఉంది, అప్‌డేట్ అయి ఉంది, దాని ఐకాన్ పచ్చగానే వెలుగుతోంది. అది పట్టుకోలేనిదాన్ని ఫైర్‌వాల్ గుర్తుపట్టిందా అంటే, లేదు. అది ఏ వైరస్సో ఫైర్‌వాల్‌కి తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. అకౌంట్స్ మిషన్‌కి ఆ అడ్రస్‌తో పనిలేదు, ఆ పోర్ట్‌తో పనిలేదు, కాబట్టి కుదరదు అంది, అంతే. అది చేసిన మేలల్లా ఇదే, చిన్న మేలు కాదు ఇది.

ఇక్కడ ఒకటి గమనించండి. ఒకే వీలాన్‌లో పక్కపక్కన ఉన్న మిషన్లు స్విచ్ ద్వారానే మాట్లాడుకుంటాయి, మధ్యలో ఉన్న పెద్ద ఫైర్‌వాల్‌కి ఆ సంగతే తెలియదు. అందుకే అకౌంట్స్‌లోని మిగతా కంప్యూటర్లన్నీ ఒక్కొక్కటీ విప్పి చూడాల్సి వచ్చింది. వాటిని కాపాడింది విండోస్‌తో పాటు వచ్చే మామూలు ఫైర్‌వాలే, పక్క మిషన్ నుంచి వచ్చిన 445ని అది రానివ్వలేదు. అంటుకున్న ఆ ఒక్కదాన్ని ఫార్మాట్ కొట్టి, పాస్‌వర్డులన్నీ మార్పించాం. వ్యవహారం అక్కడితో ఆగింది.

అందుకే నాకు ఒళ్లు మండేది సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చేవాళ్లని చూస్తే. ఏది పనిచేయకపోయినా వాళ్ల మొదటి మాట, 'సార్, ఫైర్‌వాల్ ఆఫ్ చేయండి, వచ్చేస్తుంది'. అప్పుడు నిజంగానే వచ్చేస్తుంది, అక్కడే చిక్కు. వాళ్లు వెళ్లిపోతారు, అది ఆఫ్‌లోనే ఉండిపోతుంది. మీ సాఫ్ట్‌వేర్‌కి ఏ పోర్టులు కావాలో చెప్పండి, అవే తెరుస్తాను అని ఎన్నిసార్లు అడిగినా, చేసినవాళ్లకే ఆ లిస్ట్ తెలియదు. సీసీ కెమెరాలు పెట్టేవాళ్లు ఇంకో రకం. ఓనర్‌గారికి ఫోన్‌లో కనబడాలని ఒక పోర్ట్ ఫార్వర్డ్ (బయటినుంచి నేరుగా కెమెరా దాకా దారి) పెట్టేసి, కెమెరా కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ అలాగే వదిలేసి వెళ్తారు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ సరిగ్గా ఇలాంటి కెమెరాలనీ రూటర్లనీ లక్షల్లో పట్టుకుని పెద్దపెద్ద సైట్లని కూలదోసింది. 'టెంపరరీ' అని పేరుపెట్టిన, ఎవరైనా ఎక్కడికైనా వెళ్లొచ్చనే ఎనీ టు ఎనీ అలౌ రూల్ గురించి చెప్పనే అక్కర్లేదు. రూల్స్ పైనుంచి కిందికి చదవబడతాయి, అది పైన కూర్చుందంటే కింద మీరు ఎంత జాగ్రత్తగా ఎన్ని రాసినా ఒక్కటీ పనిచేయదు.

మాది చిన్న ఆఫీసు, మామీద ఎవరు పడతారు అనేది చాలామంది ధీమా. 2003 జనవరి 25న స్లామర్ అనే వర్మ్ (తనంతట తానే మిషన్ నుంచి మిషన్‌కి పాకే ప్రోగ్రామ్) వచ్చింది. కేవలం 376 బైట్ల కోడ్, మైక్రోసాఫ్ట్ డేటాబేస్ వాడే యూడీపీ పోర్ట్ 1434, దాదాపు పది నిమిషాల్లో ప్రపంచంలో దొరకగలిగిన మిషన్లలో చాలావాటిని పట్టేసింది. అది ఎవరి ఆఫీసు ఎంత పెద్దదో చూడలేదు. డేటాబేస్ పోర్ట్‌ని ఇంటర్నెట్‌కి ఎదురుగా తెరిచి పెట్టాల్సిన అవసరం అందులో ఎంతమందికి ఉండి ఉంటుంది? 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వచ్చింది, మళ్లీ నేను పైన చెప్పిన అదే 445. దానికి ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, మార్చిలోనే వచ్చేసింది, వేసుకోనివాళ్లు ఇరుక్కున్నారు, ఇంగ్లండ్‌లో ఆసుపత్రులే అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. ప్యాచ్ ఆలస్యమైనా, విభాగాల మధ్య ఆ పోర్ట్ మూసి ఉంటే అది ఒక గదిలోనే ఆగిపోయేది. పెద్ద కంపెనీలకీ ఇదే జబ్బు. 2013లో అమెరికాలో టార్గెట్ అనే స్టోర్ల కంపెనీ నెట్‌వర్క్‌లోకి దొంగలు దూరింది రిఫ్రిజిరేషన్ పనులు చేసే ఒక కాంట్రాక్టర్ లాగిన్‌తో. అక్కణ్నుంచి బిల్లింగ్ కౌంటర్ల దాకా వెళ్లి దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పట్టుకుపోయారు. కాంట్రాక్టర్‌కి ఇచ్చిన దారి బిల్లింగ్ దాకా ఎందుకు వెళ్లాలి, అన్ని వివరాలు బయటికి పోతుంటే ఎందుకు ఆగలేదు, ఈ రెండు ప్రశ్నలే నాకు ముఖ్యం.

ఫైర్‌వాల్‌తో అన్నీ ఆగవు, అది కూడా నిజమే. నేను చెప్పిన ఆ అకౌంట్స్ మిషన్‌లోని ప్రోగ్రామ్ వింత పోర్ట్ కాకుండా మామూలు వెబ్‌సైట్ల 443 వాడి ఉంటే బయటికి పోయేదేమో. అయినా సర్వర్ల తలుపులు తట్టినప్పుడు లాగ్‌లో దొరికేది.

మీ ముప్పై మిషన్లకి ఖరీదైనది అక్కర్లేదు. మోడల్ కన్నా రూల్స్ ఎవరు రాస్తారు, లాగ్ ఎవరు చూస్తారు, దాని ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఎవరు చేస్తారు అని అమ్మేవాళ్లని గట్టిగా అడగండి, ఎందుకంటే పాతబడిన ఫైర్‌వాల్ మీదే నేరుగా దాడి చేసేవాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. బయటికి వెళ్లేవాటిని ఒకేసారి మూసేయొద్దు, పనులాగి అందరూ మీమీద పడతారు. మొదట కొన్నాళ్లు ఏదీ ఆపకుండా లాగ్ మాత్రం రాయించి, నిజంగా వాడుతున్నవేవో చూసి, అవి ఉంచి మిగతావి మూయండి. కొనేలోపు ఇవాళే చేయాల్సింది ఒకటుంది. మీ రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ తెరిచి చూడండి. ఎవరో సపోర్ట్ వాళ్లు రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి మీ కంప్యూటర్ వాడటం) కోసం పోర్ట్ 3389 తెరిచి వెళ్లుంటే దాన్ని ఇప్పుడే తీసేయండి, వాళ్లకి తప్పదంటే వీపీఎన్ (ముందు లాగిన్ అయితేనే తెరుచుకునే రహస్య దారి) ద్వారా రమ్మనండి.