ఎగిరే ట్యాక్సీల కాలంలో మెకానికల్ చదివితే వెనకబడిపోతారా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా అబ్బాయికి కన్వీనర్ కోటాలో మెకానికల్ వచ్చేలా ఉంది, వాడికీ అదే ఇష్టం. నేను మాత్రం అప్పు చేసైనా మేనేజ్‌మెంట్ కోటాలో రోబోటిక్స్-ఏఐ సీటు తీసుకుందామనుకుంటున్నా. రోబోలు, ఎగిరే ట్యాక్సీలు వచ్చేస్తున్నాయి కదా, ఏది మంచిది?

జవాబు: సార్, మీరు అడిగింది బ్రాంచి గురించే గానీ మీ టెన్షన్ వేరు. పక్క ఫ్లాట్ పిల్లాడు ఏఐలో చేరాడు, మనవాడు వెనకబడితే ఎలా అని. ఈ సీజన్‌లో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందిది ఇదే భయం. రెండూ పోల్చి చెబుతాను, ముందు ఆ ట్యాక్సీల సంగతి చూద్దాం.

పైలట్ లేకుండా ఇద్దరిని మోస్తూ ఎగిరే యంత్రానికి చైనాలో ఈహాంగ్ కంపెనీ 2023లో టైప్ సర్టిఫికెట్ (ఆ డిజైన్ ఎగరడానికి సురక్షితమేనన్న అధికారిక ఆమోదం) తెచ్చుకుంది, నిజమే. 2024లో జర్మనీలో ఇలాంటి ట్యాక్సీలే తయారుచేసే లిలియం, వోలోకాప్టర్ కంపెనీలు రెండూ దివాలా పిటిషన్ వేశాయి, అదీ నిజమే. ఈ యంత్రాలకు పెద్ద తలనొప్పి బ్యాటరీ బరువు. కిలో పెట్రోల్‌లో సుమారు 12 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటే, కిలో లిథియం సెల్‌లో ఉండేది పావు యూనిట్‌కు కాస్త అటూ ఇటూ. ఇంజిన్‌లో ముప్పావు వంతు వేడిగా పోయినా పెట్రోలే ఎన్నో రెట్లు మెరుగు. దీనికి దారి వెతకాల్సింది మోటార్లు, తేలికైన బాడీ, బ్యాటరీని చల్లబరిచే పద్ధతులు తెలిసినవాళ్లు, అంటే అందులో సగం మీరు వద్దంటున్న మెకానికలే! రోబోల సంగతీ అంతే. వాటిని తయారుచేసే బోస్టన్ డైనమిక్స్ వాళ్లు 2024లో హైడ్రాలిక్ (ద్రవ ఒత్తిడితో కదిలే) అట్లాస్ అనే మనిషి ఆకారపు రోబోను పక్కనపెట్టి ఎలక్ట్రిక్ రోబోను దించారు, కోడ్ ఒక్కటే రాస్తే అది నిలబడదు, కీళ్లన్నీ కొత్తగా డిజైన్ చేయాలి.

రోబోటిక్స్-ఏఐ బ్రాంచి చెడ్డదని కాదు. ఐఐటీ హైదరాబాద్ 2019లోనే ఏఐలో బీటెక్ పెట్టింది, అలాంటి చోట సీటొస్తే నేనే వెళ్లమంటాను. కానీ చాలా కాలేజీల్లో బోర్డు మారింది తప్ప చెప్పే సార్లు, ల్యాబ్ మారలేదు, మెకానిక్స్ కొంచెం, ఎలక్ట్రానిక్స్ కొంచెం, కోడింగ్ కొంచెం నేర్పి ఏదీ గట్టిగా రాకుండానే నాలుగేళ్లు అయిపోతాయి. దానికి మీరు లక్షలు అప్పు చేస్తానంటున్నారు. అది వాడి కోసమా, అపార్ట్‌మెంట్‌లో నలుగురికి చెప్పుకోవడానికా? కోపం తెచ్చుకోకండి, పిల్లాడు తనకేం ఇష్టమో స్పష్టంగా చెబుతుంటే వినకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మెకానికల్‌లో మొదటి జీతం తక్కువ ఉండొచ్చు, క్యాంపస్‌కు వచ్చేవి ఎక్కువగా సాఫ్ట్‌వేర్ కంపెనీలే, అది దాచను. అయినా దారి మూసుకుపోదు. మొదటి ఏడాది నుంచే పైథాన్, తర్వాత కంట్రోల్ సిస్టమ్స్ (యంత్రాల కదలికను అదుపు చేసే సబ్జెక్టు) గట్టిగా నేర్చుకుంటే గేట్ రాసి ఎంటెక్‌లో రోబోటిక్స్ వైపు వెళ్లొచ్చు. యంత్రాల నమూనాలు తయారుచేసుకునే టీ-వర్క్స్ అనే కేంద్రం మన హైదరాబాద్ రాయదుర్గంలోనే ఉంది, ఒకసారి తీసుకెళ్లి చూపించండి. వాడికి ఇష్టం ఉంది, నిజంగా భయపడాల్సిన పరిస్థితి కాదు మీది.

ఇంకా మనసు ఒప్పుకోకపోతే, అడ్వాన్స్ కట్టేముందు ఆ కాలేజీ ల్యాబ్‌కు వాడితో కలిసి వెళ్లి, రెండో ఏడాది పిల్లలు సొంతంగా బిగించిన రోబో ఒక్కటి చూపించమనండి. వెబ్ ఆప్షన్లు మాత్రం వాడిచేతే పెట్టించండి.