మొదటిసారి కారు పాలిషర్ పట్టుకునేవారికి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు కారు పెయింట్ పాలిష్ చేసే మెషీన్ గురించే ఉన్నాయి, అందుకని మిగతావి పక్కన పెట్టి చోటంతా వీటికే ఇచ్చేశాను.

ప్రశ్న: నా కారు నలుపు రంగు. నీడలో బాగానే ఉంటుంది కానీ ఎండ పడితే చాలు, సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు ఒళ్లంతా కనిపిస్తున్నాయి. మెషీన్ కొని నేనే పాలిష్ చేసుకుందామనుకుంటున్నాను సార్. కొందరు రోటరీ అంటారు, కొందరు డ్యూయల్ యాక్షన్ అంటారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: డ్యూయల్ యాక్షన్ తీసుకోండి. అందులోనూ గేర్‌తో బలవంతంగా తిప్పే రకం కాదు, ప్యాడ్ స్వేచ్ఛగా తిరిగే రకం. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఇది అర్థమైతే మిగతా సందేహాల్లో సగం వాటంతటవే తీరిపోతాయి.

రోటరీలో ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది, మామూలుగా నొక్కితే ఆగదు. చేయి ఒకచోట కాసేపు నిలిచిపోయిందంటే వేడంతా అక్కడే చేరుతుంది, పెయింట్ కాలుతుంది, అంచుల దగ్గరైతే పైపూత మొత్తం లేచిపోయి కింది రంగో ప్రైమరో బయటపడుతుంది. చేయి తిరిగినవాళ్ల దగ్గర అది గొప్ప పనిముట్టే, మొండి గీతల్ని చకచకా తీసేస్తుంది. కొత్తవాళ్లు వాడితే మాత్రం పాత గీతలు పోయినచోట, వెలుతురు పడే కోణం మారినప్పుడల్లా కదిలినట్టు కనిపించే మసక చారలు మిగులుతాయి. హోలోగ్రామ్‌లు అనేది వీటినే.

డ్యూయల్ యాక్షన్‌లో ప్యాడ్ తిరుగుతూనే ఒక చిన్న వలయంలో ఊగుతుంది కూడా. ఒకే దారిలో మళ్లీ మళ్లీ రుద్దదు కాబట్టి వేడి ఒకచోట పోగవదు, చారలు పడే అవకాశం కూడా చాలా తక్కువ. మీరు మరీ గట్టిగా నొక్కినా, మెషీన్ ఒక పక్కకి ఒరిగినా ప్యాడ్ తిరగడం మానేసి ఊరికే అదురుతుంది. కొత్తవాళ్లు దీన్ని మెషీన్ లోపం అనుకుని తిట్టుకుంటారు కానీ మీ పెయింట్‌ని కాపాడేది అదే. గేర్‌తో తిరిగే రకంలో ఈ రక్షణ ఉండదు.

ఇక ఆ ఊగే వలయం సైజుని త్రో అంటారు. ఎక్కువగా 8, 15, 21 మిల్లీమీటర్లలో దొరుకుతాయి. 21 వాటితో బానెట్, రూఫ్ లాంటి చదునైన భాగాలు తొందరగా అయిపోతాయి కానీ డోర్ల మీది వంపుల దగ్గర ప్యాడ్ మాటిమాటికీ ఆగిపోతుంది. నన్నడిగితే 15 మిల్లీమీటర్ల త్రో, 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్‌ని అంటించే పలక) ఉన్నది చూసుకోండి. 8 తీసుకున్నా తప్పేం లేదు, పని కాస్త నెమ్మదిగా సాగుతుంది అంతే. డబ్బా మీద ఎన్ని వాట్లు అని రాశారో దాని వెనకపడకండి. స్పీడ్ డయల్ ఉందా, నొక్కు పడినప్పుడు వేగం పడిపోకుండా నిలబెడుతుందా, బరువు గంటసేపు పట్టుకునేలా ఉందా, బ్యాకింగ్ ప్లేట్ విడిగా దొరుకుతుందా, ఈ నాలుగూ చూడండి. ప్లేట్ అరిగిపోయే వస్తువు, అది దొరక్కపోతే మంచి మెషీన్ కూడా మూలన పడుతుంది. మొదటి మెషీన్‌గా నేనైతే వైర్ ఉన్నదే మంచిదంటాను, కారంతా పాలిష్ చేయడానికి ఒక పూట పైనే పడుతుంది, మధ్యలో బ్యాటరీ అయిపోతే చిరాకు.

ప్రశ్న: ఇంట్లో యాంగిల్ గ్రైండర్ ఉంది, డ్రిల్ కూడా ఉంది. వాటికే స్పాంజ్ ప్యాడ్ తగిలిస్తే సరిపోదా?

జవాబు: గ్రైండర్ జోలికి మాత్రం అస్సలు వెళ్లకండి. చిన్న గ్రైండర్లు నిమిషానికి 10,000 చుట్ల పైన తిరుగుతాయి, రోటరీ పాలిషర్లు సాధారణంగా 3,000 లోపే ఉంటాయి. ఆ తేడాతో పెయింట్ క్షణాల్లో కాలిపోతుంది, పైగా ప్యాడ్ ఊడి ఎగిరితే మీకే ప్రమాదం. డ్రిల్ అంత వేగంగా తిరగదు, హెడ్‌లైట్ల మీది పసుపుతనం తీయడం లాంటి చిన్న పనికి పనికొస్తుంది. కానీ అదీ ఒకే ఇరుసు మీద తిరిగేదే, దాని పట్టు కూడా ప్యాడ్‌ని చదునుగా ఆనించడానికి వీలుగా ఉండదు. కారంతా దానితో చేయలేరు.

ప్రశ్న: పాలిష్ చేస్తే పెయింట్ అరిగిపోతుందని మా అన్నయ్య భయపెడుతున్నాడు. నిజమేనా మేడమ్? ఎన్నిసార్లు చేయించవచ్చు?

జవాబు: మీ అన్నయ్యగారు చెప్పింది నిజమే, పాలిష్ అంటేనే అరగదీయడం. ఇప్పటి కార్లలో రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పూత ఉంటుంది, మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు, తల వెంట్రుక ఒక్కటే సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది, మీరే లెక్క వేసుకోండి. మీకు కనిపించే సన్న గీతలు ఆ పూత పైభాగంలోనివి. గీత చుట్టూ ఉన్న పూతని గీత అడుగు దాకా దించితే గీత మాయమైనట్టు కనిపిస్తుంది, ఎక్కడా ఏదీ నిండదు. తేలికపాటి పాలిష్‌లో పోయేది ఒకటి రెండు మైక్రాన్లే కావచ్చు, అయినా పోయింది మళ్లీ రాదు, ఎండలోని అతినీల లోహిత కిరణాల నుంచి రంగుని కాపాడేది కూడా ఆ పూతే.

ఇన్నిసార్లు అని అంకె చెప్పడం సరికాదు, ఒక్కో కారుకి ఒక్కోలా పూస్తారు, ఒకే కారులో రూఫ్‌కీ డోర్‌కీ కూడా తేడా ఉంటుంది. పెయింట్ మందం కొలిచే మీటర్ ఉంటే మంచిదే కానీ మామూలు మీటర్ అన్ని పూతలూ కలిపి మొత్తం మందాన్నే చూపిస్తుంది, క్లియర్ కోట్ ఎంతో విడిగా చెప్పదు, ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయదు కూడా. దాన్ని ముఖ్యంగా ఏ భాగానికి మళ్లీ పెయింట్ పడిందో, ఎక్కడ అనుమానంగా పలచబడిందో కనుక్కోవడానికి వాడతారు. కారుని ప్రేమించేవాళ్లు ప్రతి గీతా పోవాలని పట్టుపడతారు, నాకు అర్థమవుతుంది, కానీ పదిలో ఎనిమిది గీతలు పోయి కారు అద్దంలా మెరుస్తుంటే మిగిలిన రెండింటి కోసం పూతని ఎక్కువగా కోసే కాంపౌండ్ మళ్లీ పట్టడం నాకు నచ్చని పని. ఆ పూతని రాబోయే ఏళ్లకి దాచుకోండి.

ప్రశ్న: మెషీన్ కొనేశాను. ఇప్పుడు ఏ ప్యాడ్, ఏ పాలిష్? షాపులో రంగురంగుల స్పాంజ్‌లు చూసి టెన్షన్ వచ్చేసింది.

జవాబు: రంగుల్ని నమ్ముకోకండి, ఒక కంపెనీ నారింజ రంగు ప్యాడ్ ఇంకో కంపెనీ నారింజ రంగు ప్యాడ్‌లా ఉండాలని లేదు, ప్యాకెట్ మీద రాసింది చదవండి. ఫోమ్‌లో గట్టిది గీతలు కోయడానికి, మధ్యరకం పాలిష్‌కి, మెత్తది చివరి మెరుపుకి. మైక్రోఫైబర్, ఉన్ని ప్యాడ్లు ఇంకా ఎక్కువ కోస్తాయి, వాటిని ఇప్పుడే కొనకండి. ప్యాడ్ మీ బ్యాకింగ్ ప్లేట్ కంటే కొంచెం పెద్దదిగా ఉండాలి, లేకపోతే ప్లేట్ అంచు పెయింట్‌కి తగులుతుంది.

ద్రవాల విషయానికొస్తే కాంపౌండ్ ఎక్కువ కోస్తుంది, పాలిష్ తక్కువ కోసి మెరుపు తెస్తుంది, వ్యాక్స్ అసలు కోయదు, పైన రక్షణగా ఉంటుంది. మధ్యరకం పాలిష్ ఒకటి, మధ్యరకం ఫోమ్ ప్యాడ్లు కనీసం నాలుగైదు తీసుకోండి. ఒకే ప్యాడ్‌తో కారంతా లాగించేస్తే అది వేడెక్కి, అరిగిన పెయింట్ పొడితో నిండిపోయి కోయడం మానేస్తుంది, కొత్త గీతలు కూడా పెట్టగలదు. డబ్బు మిగిల్చుకోవాలంటే మెషీన్‌లో మిగిల్చుకోండి, ప్యాడ్ల దగ్గర, తుడిచే మైక్రోఫైబర్ గుడ్డల దగ్గర వద్దు.

ప్రశ్న: మొదలు నుంచి చివరి దాకా ఎలా చేయాలో ఒకసారి చెప్పండి ప్లీజ్.

జవాబు: ముందు కారుని బాగా కడగండి. కడిగాక అరచేతితో తడిమితే గరుకుగా తగిలితే క్లే బార్‌ని (మురికిని అంటించుకుని లాగేసే మెత్తటి మట్టి లాంటి ముద్ద) లూబ్రికెంట్ చల్లుకుంటూ మెత్తగా రుద్ది ఆ అంటుకున్న మురికి తీసేయండి, ఇది మానేస్తే ఆ మురికినే ప్యాడ్‌తో పెయింట్ మీద రుద్దినవాళ్లవుతారు. కారు నీడలో ఉండాలి, చేత్తో తాకితే చల్లగా ఉండాలి. రబ్బరు బీడింగ్, నల్ల ప్లాస్టిక్ భాగాలు, పదునైన అంచులు, వీటన్నిటికీ మాస్కింగ్ టేప్ అంటించండి. అంచుల దగ్గర పూత మామూలుగానే పలచగా ఉంటుంది, పూత లేచిపోయేది ఎక్కువగా అక్కడే.

ఇప్పుడు బానెట్ మీద రెండడుగుల చదరం ఒకటి ఎంచుకోండి, ఇది పరీక్ష కోసం. మీ దగ్గరున్నవాటిలో అన్నిటికంటే తక్కువ కోసే జోడీతో మొదలుపెట్టాలి, మెత్తటి ప్యాడ్, తేలిక పాలిష్ ఉంటే అవి, లేకపోతే పైన చెప్పిన మధ్యరకం జోడీ. సరిపోకపోతే ఒక మెట్టు పైకి వెళ్లండి, సరిపోతే కారంతా అదే జోడీ. చాలామంది ఈ పరీక్షని వదిలేసి నేరుగా కాంపౌండ్‌తో దిగుతారు, అవసరం లేని చోట పూత పోగొట్టుకునేది అలాగే.

కొత్త ప్యాడ్ మొహమంతా పాలిష్ పలచగా పట్టించి, ఆపైన బఠాణీ గింజంత చుక్కలు నాలుగు పెట్టండి. మెషీన్‌ని పెయింట్‌కి ఆనించాకే స్విచ్ వేయాలి, ఎత్తేముందు ఆపాలి, లేదంటే పాలిష్ గోడల మీదా మీ మొహం మీదా పడుతుంది. కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకోండి, వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకోండి. తక్కువ స్పీడులో చదరమంతా పరిచి, తర్వాత డయల్ 4 లేదా 5కి పెంచి, సెకనుకి అంగుళం చొప్పున నెమ్మదిగా కదపండి. ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా, ఒక వరుస ముందు వరుసని సగం కప్పేలా, మొత్తం నాలుగు నుంచి ఆరు సార్లు. అందరూ తొందరపడేది ఇక్కడే, చేయి వేగంగా ఆడిస్తే పాలిష్ పూసినట్టవుతుంది తప్ప గీత పోదు. మెషీన్ బరువుకి కొంచెం చేతి బరువు చేరిస్తే చాలు, ప్యాడ్ చదునుగా ఆనాలి. బ్యాకింగ్ ప్లేట్ పక్కన మార్కర్‌తో ఒక గీత గీసుకోండి, అది తిరుగుతూ కనిపిస్తే పని జరుగుతోంది, ఒకేచోట అదురుతుంటే నొక్కు తగ్గించండి లేదా ప్యాడ్‌ని సరిగ్గా ఆనించండి.

ప్రతి చదరం అయ్యాక ప్యాడ్‌ని మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి, తడిసి బరువెక్కిందనిపిస్తే మార్చేయండి. శుభ్రమైన మైక్రోఫైబర్‌తో తుడిచి, 10 నుంచి 15 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లు చల్లి మళ్లీ తుడవండి. పాలిష్‌లోని నూనెలు సన్న గీతల్ని తాత్కాలికంగా కప్పేస్తాయి, అవి పోయాక టార్చ్ వేసి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ప్లాస్టిక్ బంపర్ దగ్గర ఇంకాస్త జాగ్రత్త, ఉక్కు రేకులా అది వేడిని చుట్టూ పంచదు, చేత్తో తాకి చూస్తూ ఉండండి, వేడి తగిలితే ఆపేయండి. అంతా అయ్యాక వ్యాక్సో, అలాగే పైన రక్షణగా ఉండే సీలెంటో వేయడం మర్చిపోకండి.

ప్రశ్న: పార్కింగ్‌లో ఎవరో తాళంచెవితో గీశారు. పాలిష్‌తో పోతుందా? రూఫ్ మీద పొరలు పొరలుగా తెల్లగా లేస్తోంది, అదైనా పోతుందా?

జవాబు: గీత మీద గోరు అడ్డంగా నడిపి చూడండి. గోరు తట్టుకుంటే సాధారణంగా అది పాలిష్‌కి లొంగనంత లోతు, అంచులు మెత్తబడి కాస్త తక్కువగా కనిపించొచ్చు, అంతవరకే. టచప్ పెయింట్ పెట్టించుకోవడమే దారి. రూఫ్ మీద లేస్తున్నది క్లియర్ కోటే, అది ఊడిపోయాక అక్కడ పాలిష్ చేయడానికి పూతే మిగలలేదు, మళ్లీ పెయింట్ చేయించాల్సిందే. మెషీన్ పెడితే ఆ మచ్చ ఇంకా పెద్దదవుతుంది.

ప్రశ్న: పోయినసారి పాలిష్ చేశాక కొద్ది వారాలకే గీతలు మళ్లీ వచ్చేశాయి. మెషీన్ మంచిది కాదా?

జవాబు: మెషీన్‌ని అనడానికి లేదు. నూనెలు కప్పేసిన గీతలు కడిగేకొద్దీ బయటపడి ఉండొచ్చు, లేదా కడిగే పద్ధతే కొత్తవి పెడుతూ ఉండొచ్చు. దుమ్ము పట్టిన కారుని పొడిగుడ్డతో దులపడం ఇప్పుడే మానేయండి, ఈ గీతల్లో చాలావాటికి మూలం అదే. ముందు నీళ్లతో దుమ్ము పోగొట్టి, షాంపూకి ఒక బకెట్, మిట్ (కారు రుద్దే చేతితొడుగు) జాడించడానికి ఇంకొకటి పెట్టుకుని, పైనుంచి కిందికి కడగండి, తుడిచే గుడ్డ కింద పడితే ఉతికేదాకా కారు మీద పెట్టకండి.

ప్రశ్న: మా చెల్లిది మ్యాట్ ఫినిష్ (మెరుపు లేని పూత) కారు. తనకి పాలిష్ చేసి ఇద్దామనుకుంటున్నాను.

జవాబు: చేయకండి. మ్యాట్ మీద మెషీన్ పెడితే అక్కడక్కడా నిగనిగలాడే మచ్చలు పడతాయి, వాటిని తీయాలంటే ఆ భాగానికి మళ్లీ పెయింటే. మ్యాట్ కోసం తయారుచేసిన షాంపూతో చేత్తో కడిగి ఇవ్వండి చాలు.