అప్పు చేసి స్లాబా, ఉన్న కప్పుకే బోల్టులా?

ప్రశ్న: భార్యాభర్తలం రోజు కూలీలం. మాది రేకుల ఇల్లు. అయిదేళ్లలో రెండుసార్లు తుపానుకు కప్పు లేచిపోయింది. ఒకసారి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. కొంత పొదుపు ఉంది. దానికి అప్పు కలిపి, ఉన్న గోడల మీదే స్లాబు వేసి టైల్స్ పరుద్దామంటున్నారు మావారు. చేయవచ్చా?

జవాబు: నీళ్లొచ్చే ఇంటికి టైల్స్ ఎందుకమ్మా? ఆ డబ్బు ఉంటే నేల ఎత్తు పెంచుకోండి. పాత గోడలు స్లాబు బరువు మోస్తాయని ఇంజనీరు చూసి చెప్పనిదే ఆ మాట ఎత్తకండి.

ఇంట్లో ఒకసారి తలెత్తి, దూలం గోడను ఆనుకునే చోట చూడండి. ఇనుప పట్టీతో బిగించారా, ఊరికే ఆనించారా? తుపాను గాలి కప్పును పైకి లాగుతుంది. రేకుకూ వాసానికీ, వాసానికీ గోడకూ, గోడకూ పునాదికీ మధ్య ఎక్కడ పట్టు లేకపోతే అక్కడ ఊడుతుంది. మేకు కొట్టిన చోట రేకు చిరిగి లేస్తుంది. వెడల్పు వాషరుతో బోల్టు బిగిస్తే అంత తేలిగ్గా రాదు. చూరు, మూలలు, కొప్పు (రెండు వాలులు కలిసే చోటు) దగ్గర బోల్టులు మరింత దగ్గరగా వేయించండి. 1974లో ట్రేసీ తుపాను డార్విన్ నగరాన్ని నేలమట్టం చేసినప్పుడు, ఎడతెగని గాలి ఊపుకు బిగింపుల చుట్టూ రేకులు అలిసి చిరిగాయి. ఆ తర్వాతే ఆస్ట్రేలియా కట్టడాల నిబంధనలు మార్చింది.

ఈ పని అప్పు లేకుండా, విడతలుగా చేయించుకోవచ్చు. పొదుపులో ఒక నెల తిండి ఖర్చు మాత్రం ముట్టుకోకండి. తుపాను వెళ్లాక పని దొరకదు. అప్పు వాయిదా మాత్రం ఆగదు. అందుకే, అప్పు తప్పదనుకుంటే, ఏడాదిలో అతి తక్కువ కూలి వచ్చిన నెలను చూసి లెక్క కట్టండి. ఆ నెలలో ఏమీ మిగలకపోతే అప్పు వద్దు. బీమా తీసుకుంటే గాలి నష్టంతో పాటు వరద నష్టం కూడా ఇస్తారో లేదో అడగండి. అది పాలసీని బట్టి మారవచ్చు.

మీరు రాయనిది ఒకటుంది: స్థలం ఎవరిది? బంగ్లాదేశ్‌లో గ్రామీణ్ బ్యాంకు పేద మహిళలకు ఇంటి అప్పులిస్తూ, స్థలం వాళ్ల పేరిట ఉండాలనీ, ఇంటికి నాలుగు కాంక్రీటు స్తంభాలు ఉండాలనీ షరతు పెట్టింది. 1989లో ఆ పథకానికి ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది. మీ పేరిట కాగితం లేకపోతే నేల ఎత్తు పెంచడం కూడా ఆపండి. రేకులు, బోల్టులు, పట్టీలు, అంటే రేపు ఖాళీ చేయమన్నా విప్పి పట్టుకెళ్లగలిగేవే కొనండి.